గొంతుల పైపు తీసిండ్రు.. పొక్క ఎందుకు మూసుకపోలే?

ఫోన్ల మాట్లాడేటప్పుడు నా ఎడమ చెయ్యి దానంతట అదే మెడ మీదికి పోతది. ఇప్పుడు అవసరం లేదు, అయినా పోతది. ఎనిమిది నెలల అలవాటు అది. అన్ని దినాలు నా మెడ ముంగట ఒక పొక్క ఉండె. దాని మీద వేలు పెట్టి మూస్తెనే నోట్లకెల్లి మాట వచ్చేది. వేలు తీస్తె మాటంతా గాలై ఆ పొక్కలకెల్లి బుస్సుమని పోయేది. మా అక్క బిడ్డ చిన్నది, నన్ను చూసి "మామా, నీకు రెండు నోర్లున్నయా?" అనేది.

గీ ముచ్చట ఇప్పుడెందుకు రాస్తున్ననంటె, మీ ఊళ్లె కూడా ఇసొంటోళ్లు ఒక్కరన్న ఉంటరు. బండి మీదికెల్లి పడ్డోళ్లు, పురుగుల మందు తాగి దినాల కొద్ది మిషన్ మీద ఉన్నోళ్లు, పక్షవాతం వచ్చినోళ్లు. మెడకు పైపుతోని ఇంటికొస్తరు. పైపు ఉన్నప్పుడు ఏం జెయ్యాలెనో దవాఖానల జర చెప్తరు. పైపు తీసినంక ఏమైతదో మాకైతే ఎవ్వలు చెప్పలే. తీసుడుతోని అయిపాయె అనుకున్నం. అసలు కథ అప్పుడే మొదలైంది.

2022 యాసంగి. కోతలయినయి. ఊరి బయట తారు రోడ్డు మీద సగం దాక వడ్లు ఆరబోసి, కుప్ప మీద నల్ల కవరు కప్పి, చుట్టు బండలు పెట్టిండ్రు. రాత్రి తొమ్మిది దాటింది, బండి మీద వస్తున్న. నెత్తికి హెల్మెట్ లేదు. కుప్ప కనవడలే. (వడ్లు పోసినోళ్లను నేను తిట్టను. అంతకు ముందు వారం మా వడ్లు కూడా గదే రోడ్డు మీద పోసినం. కల్లం ఏడున్నది మాకు?) ఆ తర్వాత నెల రోజుల సంగతి మా అవ్వ చెప్తెనే నాకు తెలుసు.

తలకు దెబ్బ. నోట్ల పైపు వేసి మిషన్ మీద పెట్టిండ్రట. పన్నెండు రోజులైనంక మెడకు కోత పెట్టి, శ్వాస గొట్టంలకు వేరే పైపు వేసిండ్రు. దీన్నే ట్రాకియాస్టమీ అంటరు. "పిలగాని గొంతు కోసిండ్రట" అని ఊళ్లె మాట పుట్టింది, మా అవ్వ రెండు దినాలు బువ్వ ముట్టలే. నిజానికి అది పానం తీసుడు కాదు, నిలవెట్టుడు. నోట్లకెల్లి వేసిన పైపు శాన దినాలుంటె స్వరపేటిక పుండు పడతది. అందుకే పది పదిహేను దినాలు దాటేటట్టుంటె డాక్టర్లు మెడకు మారుస్తరు. మన శ్వాస గొట్టం మెత్తని ఎముక కడియాలు ఒకదాని కింద ఒకటి పేర్చినట్టు ఉంటది. గొంతు ముడి కింద వేలుతోని మెల్లగ తడిమి చూడుండ్రి, దొరుకుతయి. పై నుంచి రెండో కడియానికి, నాలుగో కడియానికి నడుమ ఆ పొక్క పెడతరు.

నా మెడల ఆ పైపు పది నెలలున్నది. అన్ని దినాలు ఉండాల్సిన పని ఉండెనా? మొదటి మూడు నాలుగు నెలలు ఉండె. మింగుడు సక్కగ రాకపోయేది, దగ్గి తెమడ బయట పడేసే బలం లేకుండె. ఆ తర్వాత మాత్రం మేమే తెల్వక ఉంచుకున్నం. డిశ్చార్జి కాయితం మీద ఒక్క ముక్క ఇంగ్లీషుల రాసి పంపిండ్రు, మళ్ల రమ్మని. ఎప్పుడు రావాలె, ఏ డాక్టర్ దగ్గరికి రావాలె, ఎవ్వలూ నోటితోని చెప్పలే. పైపు ఇగ బతుకంతా ఉంటదనుకున్నం. మీ ఇంట్ల ఎవరికన్న ఇట్లయితె, దవాఖానలకెల్లి బయటకొచ్చేముందే అడుగుండ్రి: ఇది ఎప్పుడు తీస్తరు, ఎవరు తీస్తరు, ఈఎన్‌టీ డాక్టర్‌కు ఎప్పుడు చూపియ్యాలె. ఎందుకంటె పైపు ఎన్ని దినాలుంటె, తీసినంక మానుడు అంత కష్టం. అదెట్లనో కింద చెప్త.

ముందు పైపు ఉన్నప్పటి సంగతి జర చెప్పాలె, ఎందుకంటె తర్వాత వచ్చే తక్లీఫ్‌లకు విత్తనాలు ఆడనే పడతయి.

పైపు చుట్టు తోలు ఎప్పుడూ తడిగనే ఉంటది. దగ్గినప్పుడల్ల తెమడ ఆ సందులకెల్లి వస్తది. తడికి తోలు నాని తెల్లగయితది, తర్వాత ఎర్రగ, ఆ తర్వాత పుండు. మా అవ్వ పుండు చూసి పసుపు అద్దింది. కాలుకు దెబ్బ తగిలితె పసుపు పెడతం కదా, ఇదీ గంతే అనుకున్నది. కానీ ఇది కాలు మీది పుండు కాదు. ఈ పొక్క సీదా ఊపిరితిత్తులకు పోయే తొవ్వ. దాని చుట్టు ఏ పొడి చల్లినా ఊపిరితోని లోపలికి గుంజుకుంటది. ఆ రాత్రంత నేను దగ్గిన. పసుపే కాదు, మొకానికి పూసే పౌడర్, బూడిద, నూనె, ఏదీ వద్దు. సెలైన్ నీళ్లు, శుభ్రమైన గాజుగుడ్డ, తుడిచి పొడిగ ఉంచుడు, గంతే. గాజుగుడ్డ కత్తెరతోని కత్తిరిచ్చి పైపు చుట్టు పెట్టుడు కూడా తప్పే. కత్తిరిచ్చిన కాడ దారాలు ఊడి లోపలికి పోతయి. చీలిక పెట్టి కుట్టిన గాజు మందుల షాపుల దొరుకుతది. మా చెల్లె రెండు నెలలు కత్తెరతోనే కత్తిరిచ్చింది. ఒక నర్సమ్మ చూసి గట్టిగ కోప్పడితె అప్పుడు తెలిసింది.

అయిదో నెలల పొక్క అంచుకు దానిమ్మ గింజల లెక్క ఎర్రటి కండ లేసింది. ముట్టుకుంటె రక్తం. కేన్సర్ అనుకొని ఇంట్ల ఏడుపులు. కాదు. పెయ్యికి పుండైతె మాన్పుకునేటందుకు కొత్త కండ పుట్టిచ్చుడు దాని గుణం. పైపు ఆడనే ఉండి రాత్రి పగలు రాసుకుంటుంటె పుండు మానది, పెయ్యి మాత్రం కండ పుట్టిచ్చుడు ఆపది. డాక్టర్లు దీన్ని గ్రాన్యులేషన్ అంటరు. బయట అంచుకు ఉన్నదాన్ని సిల్వర్ నైట్రేట్ పుల్లతోని అంటిస్తె నల్లగయి రాలిపోతది. జర మంట పుడతది. ఇది డాక్టర్ చెయ్యాల్సిన పని, ఇంట్ల కాదు. ఆ కండ బయట ఒక్క కాడనే లేవదు, లోపల శ్వాస గొట్టంల కూడా లేస్తది. అది మన కంటికి కనవడది. నా కథ అడ్డం తిరిగింది గాడనే.

ఇంకొకటి, ఇది మాత్రం మర్చిపోకుండ్రి. సక్షన్ చేసినప్పుడు తెమడల ఎర్ర చార కనవడితె డాక్టర్‌కు చెప్పాలె. కానీ పైపు ఉన్నోళ్లకు పైపులకెల్లి గానీ, దాని చుట్టు గానీ ఎర్రటి రక్తం కారుతుంటె తెల్లారేదాక ఆగొద్దు. అది ఆగిపోయినా సరే, 108కు ఫోన్ చెయ్యాలె. శ్వాస గొట్టం ముంగటికెల్లి ఒక పెద్ద రక్తనాళం పోతది. పైపు దాన్ని రాసుకొని తెగుడు శాన అరుదు, కానీ తెగితె నిమిషాల మీద పని. పెద్దగ పోయే ముందు కొందరికి చిన్నగ కారి ఆగుతది. ఆ చిన్నదే మనకు దొరికే టైమ్.

ఇగ పైపు తీసిన నాడు. పది నెలలకు మా దగ్గరి టౌన్‌ల ఒక ప్రైవేటు దవాఖానకు పోయినం. డాక్టర్ చూసిండు, మంచిగనే ఊపిరి తీస్తున్నవు కదా అన్నడు, పైపు గుంజి ప్లాస్టర్ వేసిండు. "పది దినాలల్ల అదే మూసుకపోతది" అన్నడు. ఇంటికొచ్చి కొబ్బరికాయ కొట్టినం.

తీసే పద్ధతి అది కాదని నాకు తర్వాత తెలిసింది. ముందు సన్న పైపుకు మారుస్తరు. దానికి మూత పెట్టి, ముక్కుతోని నోటితోని ఊపిరి తీయగలుగుతున్నడా అని పగలు, నిద్రల కూడా చూస్తరు. సన్నటి కెమెరా గొట్టం ముక్కుల నుంచి పంపి పై తొవ్వ సాఫ్‌గ ఉన్నదా, స్వరతంత్రులు ఆడుతున్నయా చూస్తరు. గిన్ని అయినంకనే తీస్తరు. నాకు ఒక్కటీ కాలే.

పది దినాలైంది. నెలైంది. మూడు నెలలైంది. పొక్క శెనిగ గింజంత అయింది, అంతకంటె చిన్నగ కాలే. పైపు కొద్ది దినాలే ఉన్నోళ్లకు పది పదిహేను దినాలల్ల మూసుకపోతదన్న మాట నిజమే. నాకెందుకు కాలే?

చెవులు కుట్టిచ్చుడు యాది చేసుకోండ్రి. కుట్టిచ్చిన వారానికే పోగు తీసేస్తె పొక్క పూడుతది. మీ నాయినమ్మ చెవి చూడుండ్రి, కమ్మలు తీసి పదేండ్లయినా ఆ పొక్క గట్లనే ఉంటది. ఎందుకంటె పొక్క లోపలి గోడలకు తోలు పట్టింది. పచ్చి కండ పచ్చి కండతోని అతుక్కుంటది గానీ తోలు తోలుతోని అతుక్కోదు. మెడ పొక్క కూడా గంతే. పైపు శాన దినాలుంటె, సుమారు 16 వారాలు దాటినంక ఈ ముప్పు పెరుగుతదని డాక్టర్లు అంటరు, బయటి తోలు లోపలికి పాకుతది, శ్వాస గొట్టం లోపలి పొర బయటికి పాకుతది, రెండు కలిసి సొరంగం లెక్క తయారైతయి. పెయ్యికి ఇగ అది పుండు లెక్క అనిపియ్యది. మాన్పే పనే పెట్టుకోదు. నావి పది నెలలు. అవ్వ మొక్కులు తక్కువై కాదు, ఎవరి దిష్టీ కాదు.

ఊరోళ్లకు ఇది తెల్వదు కదా. ఒకాయన తమలపాకు కట్టమన్నడు. ఊళ్లె ఆర్ఎంపీ అన్న, మంచోడే, నాకు చిన్నప్పటి నుంచి సూదులు వేసినోడు, "గాలి పోతున్నందుకే మూస్తలేదు, గాలి పోకుండ గట్టిగ బిగిస్తె మానుతది" అని దూది ముద్ద పెట్టి, మీదికెల్లి ప్లాస్టర్ నాలుగు పట్టీలు బిగిచ్చిండు. పగలు బాగనే ఉండె. రాత్రి పండుకున్నంక ఛాతి మీద బండ పెట్టినట్టయింది. ముక్కుకెల్లి గుంజుతున్న, గాలి వస్తలేదు. గొంతుల పిల్లి కూసినట్టు సప్పుడు. అరుద్దామంటె మాట లేదు. మంచం కోడు తన్నిన. మా అవ్వ లేసి, లైట్ వేసి, నా మొకం చూసి, ఏం ఆలోచన చెయ్యకుంట ఆ ప్లాస్టర్ నాలుగు పట్టీలు ఒక్క గుంజు గుంజింది. తోలు లేసొచ్చింది. గాలి లోపలికి పోయింది.

ఆ రాత్రి మా అవ్వకు అర్థమైంది, నాకంటె ముందు: "పొక్క మూసుకపోకనే నువ్వు బతికినవు బిడ్డా."

తెల్లారి పట్నం పోయినం. పెద్ద దవాఖాన ఈఎన్‌టీ విభాగంల ఒక మేడమ్ కెమెరా గొట్టం వేసి, స్క్రీన్ మీద నాకే చూపిచ్చింది. పొక్కకు సరిగ్గ మీద, శ్వాస గొట్టం లోపల, కండ ముద్ద. సగం తొవ్వ మూసింది. అదే దానిమ్మ గింజల కండ, లోపలిది. పై తొవ్వ ఇరుకైతె గాలి ఏం జేస్తది? సులువైన తొవ్వ పట్టుకుంటది. కాలువల పూడిక నిండితె నీళ్లు గండి పడ్డకాడికెల్లి పోయినట్టు. ఆ ఆర్ఎంపీ అన్న పూడిక తియ్యకుండ గండి పూడ్చిండు.

నేను చెప్పాలనుకున్నది ఇదే. పైపు తీసినంక పొక్క మూసుకపోకపోతె, "ఎట్ల మూయాలె" అని అడుగుడు కంటె ముందు "ఎందుకు మూసుకపోతలేదు" అని అడగాలె. పై తొవ్వ కెమెరాతోని చూడకుండ ఎవరన్న కుట్లేస్తమంటె ఒప్పుకోకుండ్రి. ఆ పొక్కనే మీకు ఊపిరి పోస్తున్నదేమో.

ముందు లోపలి కండ తీసిండ్రు. కొన్ని వారాలు ఆగి మళ్ల కెమెరా వేసి, తొవ్వ సాఫ్‌గ ఉన్నదని చూసినంక పొక్క ఆపరేషన్ చేసిండ్రు. తోలు పట్టిన ఆ సొరంగాన్ని కోసి తీసేసి, పొరకు పొర కలిపి కుడతరు. కొందరికి, ముఖ్యంగ పిల్లలకు, సొరంగం తీసేసి కుట్లు వెయ్యకుండ అదే పూడేటట్టు వదిలేస్తరు. ఏది ఎవరికన్నది డాక్టర్ చూసి చెప్పాలె.

కుట్లేసినంక భయపడాల్సింది గాలికి. దగ్గితె లోపలి కుట్ల సందులకెల్లి గాలి వచ్చి తోలు కింద చేరుతది. నాకు రెండో నాడు మెడ ఉబ్బింది. వేలుతోని ఒత్తితె తోలు కింద చటచటమన్నది. అప్పటికే మేడమ్ చెప్పి ఉండె కాబట్టి వెంటనే నర్సమ్మను పిలిచిన. వాళ్లు ఒక కుట్టు వదులు చేసి గాలి బయటికి పోనిచ్చిండ్రు, రెండు దినాలకు దిగింది. అదే ఇంటికాడ అయ్యుంటె వాపు అనుకొని కాపడం పెట్టేటోళ్లం. మెడ ఉబ్బినా, చటచట అన్నా, ఛాతి నొచ్చినా, దమ్ము వచ్చినా ఆగొద్దు. దగ్గు వస్తె అరచెయ్యి పట్టీ మీద మెత్తగ ఒత్తిపట్టి దగ్గాలె. నెల రోజులు బరువు ముట్టనియ్యలే. యూరియా బస్తాలు మా నాయిన ఒక్కడే మోసిండు.

పొక్క ఉన్న ఎనిమిది నెలలు నేను బాయిల దిగలే. మెడ దాక నీళ్లొస్తె ఈత వచ్చినోడు కూడా మునుగుతడు, నీళ్లు సీదా ఊపిరితిత్తులకు పోతయి. వడ్లు తూర్పార పట్టేకాడికి, పత్తి ఏరేకాడికి పోతె మెడకు పలుచటి పంచె చుట్టుకునేటోన్ని. మీకు తాగిన నీళ్లో పాలో ఆ పొక్కలకెల్లి వస్తుంటె మాత్రం అది గాలి లీకు కాదు, మింగేది తప్పు తొవ్వల పోతున్నదని అర్థం. వెంటనే చూపియ్యాలె.

బీడీ, సిగరెట్ పుండు మానుడును ఆపుతయి. షుగర్ అదుపుల లేకపోయినా అంతే. మేడమ్ గుడ్లు, పప్పు, పాలు ఎక్కువ తినమన్నది. మా ఊళ్లె మాత్రం "కుట్లున్నయి, గుడ్డు తింటె చీము పడతది" అన్నరు. మా అవ్వ ఈసారి ఎవరి మాట వినలే.

ఇగ ఒక అన్న సంగతి. ఓపీ కాడ నా పక్క బల్ల మీద కూసున్నడు, నల్గొండ దిక్కు. ఆయనకు పొక్క మూడు వారాలకే మంచిగ మూసుకపోయింది, మచ్చ తప్ప ఏం లేదు. రెండు నెలలకు మెట్లెక్కితె దమ్ము, ఊపిరి గుంజినప్పుడు సప్పుడు. ఉబ్బసం అని నాలుగు నెలలు ఇన్‌హేలర్ వాడిండు, రెండు దవాఖానలు తిరిగిండు. ఏం తగ్గలే. ఆయనకు ఉబ్బసం కాదు. పైపు చివరకు చిన్న బెలూన్ ఉంటది, గాలి లీకు కాకుండ. దాంట్ల ఒత్తిడి 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి మట్టం నడుమ ఉండాలె. ఎక్కువై శాన సేపు ఉంటె గొట్టం లోపలి పొరకు రక్తం అందదు, పుండైతది, మానినప్పుడు మచ్చ కట్టి గొట్టాన్ని ఉంగరం లెక్క బిగిస్తది. దీన్ని స్టెనోసిస్ అంటరు. పైపు తీసిన వారాలకో నెలలకో బయట పడతది. బెలూన్‌తోని వెడల్పు చేసుడు, లేజర్, లేకపోతె ఇరుకైన ముక్క కోసి రెండు కొసలు కలిపి కుట్టుడు, ఇట్ల వైద్యం ఉన్నది. కానీ ముందు డాక్టర్‌కు అనుమానం రావాలె. ఏ డాక్టర్ దగ్గరికి దమ్మని పోయినా మొదటి మాటగ "నా మెడల ఇంతకుముందు పైపు ఉండె" అని చెప్పాలె. మచ్చ చూపెట్టాలె. ఆయన కాలరున్న అంగి వేసుకొని పోయేటోడు, మచ్చ కనవడితె సిగ్గని.

పైసల సంగతి. కోఠిల సర్కారు ఈఎన్‌టీ దవాఖాన ఉన్నది, జిల్లాల పెద్ద సర్కారు దవాఖానలల్ల కూడా ఈఎన్‌టీ డాక్టర్లుంటరు. తెలంగాణల ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌ల 10 లక్షలకు పెంచిండ్రు. మీకు కావాల్సిన ఆపరేషన్ దాంట్ల వస్తదా రాదా అని దవాఖాన కాడి ఆరోగ్యమిత్రను అడుగుండ్రి. పోయేటప్పుడు పాత డిశ్చార్జి కాయితాలన్నీ కవర్ల పెట్టుకొని పోవాలె. పైపు ఏ సైజుది, ఎప్పుడు వేసిండ్రు, ఎప్పుడు తీసిండ్రు, ఒక కాయితం మీద తెలుగుల రాసుకున్నా సరిపోతది. నన్ను మొదలు అడిగింది అవే.

ఇప్పుడు మెడ మీద అంగుళమంత మచ్చ ఉన్నది. లోపలి గొట్టానికి జర అతుక్కున్నది, మింగినప్పుడు తోలు గుంటపడి మీదికి లేస్తది. మేడమ్ రోజు రెండు పూటల వేలుతోని మర్దన చెయ్యమన్నది, అయినా తగ్గకపోతె చిన్న ఆపరేషన్‌తోని విడదీయొచ్చన్నది. నేను ఇంక ఆలోచన చేస్తలేను. మొన్న మా అక్క బిడ్డ వచ్చి మెడ మీద వేలు పెట్టి చూసి, "మామా, రెండో నోరు ఏడ పోయింది" అన్నది. వచ్చే నెల 14కు మళ్ల కెమెరాకు పోవాలె. అవ్వ కూడా వస్తనంటున్నది, స్క్రీన్ మీద చూస్తదట.